చింతచెట్టు కింది పాఠానికి మీ ఫొటోగ్రాఫర్ రాలేదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ సిటీ పేజీలో సగం పేజీ నింపి వేసిన స్కూలు వార్త చూశాను. అప్పుడే రాద్దామనుకున్నా గానీ, మాకు నల్లా వచ్చే టైమూ నాకు తీరిక దొరికే టైమూ ఒకటే కావడంతో ఇప్పటికి కుదిరింది. ఏదో పెద్ద ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి పిల్లలు నీళ్ల మీదే లెక్కలు, తెలుగు, ఇంగ్లిష్, పరిసరాల విజ్ఞానం అన్నీ కలిపి నేర్చుకుంటున్నారట. సంతోషం, పిల్లల మీద నాకేం కోపం లేదు. కానీ ఇలాంటి చదువు నగరంలో మొన్ననే పుట్టినట్టు మీరు రాయడం చూసి ఒళ్లు మండింది.

మా పాప చాదర్‌ఘాట్ దగ్గర సర్కారు బడిలో ఐదో తరగతి. మూసీ పాఠం వచ్చినప్పుడు వాళ్ల మేడమ్ పిల్లల్ని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగితే 150 మందికి పైగా ఆ కొమ్మలెక్కే బతికారంటారు. బడికొచ్చాక, ఆ చెట్టే ఆ రోజు సంగతి చెబుతున్నట్టు తెలుగులో రాయించారు. వరదల తర్వాత విశ్వేశ్వరయ్య గారిని ఎందుకు పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు ఎందుకొచ్చాయి అన్నది పరిసరాల పాఠం. ఒకటి మూసీ మీద, ఇంకోటి ఈసీ నది మీద ఉందని మ్యాపులో రంగు పెన్సిల్‌తో గీయించారు.

ఇక లెక్కలు. జలమండలి నెలకు ఇంటికి ఉచితంగా ఇస్తున్న 20,000 లీటర్లు తీసుకుని, 30తో భాగిస్తే రోజుకు 666, శేషం 20. ఇంట్లో ఐదుగురం కాబట్టి మనిషికి 133 లీటర్లని మా పాప నోట్‌బుక్‌లో ఉంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్న లెక్క ఒకటుంది కదా, అది మేడమ్ చెప్పేసరికి ఆ రెండు లీటర్లు ఎవరు తాగేశారని క్లాసులో పెద్ద గొడవట. శేషం 20 లీటర్లు ఎటు పోయాయమ్మా అని ఇంటికొచ్చి నన్నడిగింది. కారుతున్న మా నల్లా చూపించాను.

ఇదంతా చేస్తున్నది ఒక్క మనిషి, ఐదు తరగతులకూ ఆవిడే. రెండో టీచర్ బదిలీ మీద వెళ్లాక ఆ స్థానంలో ఎవరూ రాలేదు. పిల్లలు 60 మంది లోపే ఉన్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది, ఆ చట్టం ఆఫీసుల్లో ఏ బీరువాలో ఉందో మరి. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే పనులకు టీచర్లను వాడొద్దని కూడా అందులోనే ఉంది. అయినా 2024 నవంబరులో సమగ్ర కుటుంబ సర్వే అంటూ ప్రాథమిక బడుల్ని ఒంటిపూట చేసి, మధ్యాహ్నం నుంచి టీచర్లను గడప గడపకూ తిప్పారు. తర్వాత మళ్లీ ఆ తిప్పిన అధికారులే వచ్చి, పిల్లలకు చదవడం ఎందుకు రావట్లేదని అడుగుతారు. అడగడానికి మాత్రం సిబ్బంది కొరత ఎప్పుడూ ఉండదు.

అన్నట్టు, మీరు వేసిన ఆ ఫొటోలోనే వెనక నిలబడ్డ బాబు వీపు మీది బ్యాగు చూశారా? ఐదో తరగతికి 3 కిలోలు దాటొద్దని 2017లో రాష్ట్ర ప్రభుత్వమే ఉత్తర్వులిచ్చింది. అన్ని సబ్జెక్టులూ కలిపేశాక కూడా ఆ పిల్లాడు అన్ని పుస్తకాలు ఎందుకు మోస్తున్నాడో మీ విలేకరి ఒక్క ప్రశ్న వేసుంటే బాగుండేది. తూకం వేసి చూసే అధికారి ఎలాగూ లేడు. ఉన్నా ఆ గేటు దాటి లోపలికి వెళ్లే ధైర్యం ఉండాలి కదా.

మీ వాళ్లు ఒకసారి మా బడికి రండి. ప్రకటనలు ఇచ్చే స్తోమత మాకు లేదు, చాయ్ ఇస్తాం. ఉత్తరం పెద్దదైందని కత్తిరించాల్సి వస్తే నా కోపమంతా తీసేసుకోండి, రెండో టీచర్ కావాలన్న మాట మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
చాదర్‌ఘాట్, హైదరాబాద్