గ్లూ బాటిల్ మూత రాకపోతే దూది మాత్రం దగ్గరికి తేకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్ అనుబంధంలో ఇంటి చిట్కాల దగ్గర ఒకటి చూశాను. గోళ్ళకి వాడే గ్లూ బాటిల్ మూత బిగుసుకుపోతే కొవ్వొత్తి మంట మీద కాసేపు చూపించి గట్టిగా నొక్కండి, వచ్చేస్తుంది, చుట్టూ కారిందాన్ని దూదితో తుడిచేయండి అని రాశారు. నాలుగంటే నాలుగు లైన్లు. నేను విశాఖపట్నంలో ఏడేళ్ళుగా నెయిల్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, రోజూ చేతిలో ఉండేది ఆ బాటిలే కాబట్టి చెప్తున్నా, ఆ నాలుగు లైన్లలో మూడు ప్రమాదాలున్నాయి. మా టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ ముక్క ఫోటో తీసి పెట్టారు, ఇన్నాళ్ళూ మనకి తెలీలేదే అని కింద ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు కూడా, అది చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ దూది గురించి చెప్పింది మాత్రం తీసేయకండి.

ముందు దూది సంగతే చెప్తాను. మూడేళ్ళ కిందట మాఘమాసం ముహూర్తాల్లో ఒకే రోజు ముగ్గురు పెళ్ళికూతుళ్ళు నాకు, రెండో అమ్మాయికి టిప్స్, అంటే గోటి చివర పెట్టే ప్లాస్టిక్ గోళ్ళు, అంటిస్తుంటే బాటిల్ ముక్కు మూసుకుపోయింది, టైమ్ లేదు, ఒక్క నొక్కు గట్టిగా నొక్కాను. ముక్కులో అడ్డం పడిన గడ్డ ఊడి గ్లూ మొత్తం నా తొడ మీద పడింది. ఆ రోజు వేసుకుంది కాటన్ చుడీదార్ ప్యాంటు. తడి తగిలిందని తుడుచుకోబోయే లోపలే సుర్రుమంది, ఇస్త్రీ పెట్టె ఆనించినట్టు, సన్నగా పొగ కూడా వచ్చింది. ఆ అమ్మాయి చెయ్యి నా చేతిలో ఉంది, అరవలేను, లేచి బాత్రూమ్‌లోకి పరిగెత్తి మగ్గులతో నీళ్ళు పోసుకున్నాను. గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉంటే లాగలేదు, అది ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. రూపాయి బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది.

ఎందుకలా అయిందో ఆ తర్వాత తెలుసుకున్నాను. ఈ గ్లూ అసలు పేరు సయనోఅక్రిలేట్. మన ఫెవిక్విక్ కూడా ఆ జాతిదే. ఇది ఫెవికాల్ లాగా ఆరి గట్టిపడేది కాదు, తేమ తగిలితే గట్టిపడేది, గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గోరు మీద ఒక చుక్క వేస్తే ఆ వేడి మనకి పెద్దగా తెలీదు. అదే దూది మీదో నూలు గుడ్డ మీదో పడిందనుకోండి, లోపల వేల సన్నటి పోగులు, ప్రతి పోగుకీ కొంచెం తేమ, గ్లూ అంతా వాటి మధ్యలోకి పాకేసి ఒక్కసారే గట్టిపడుతుంది, వేడంతా ఒక్కసారే బయటికొస్తుంది. చర్మం కాలి బొబ్బలెక్కేంత వేడి. ఉన్ని గుడ్డ మీద కూడా అంతే. మీరేమో కారిందాన్ని దూదితో తుడవమన్నారు, వేళ్ళ మధ్య దూది పట్టుకుని తుడిచే ఆడవాళ్ళెవరైనా ఈ వారం చెయ్యి కాల్చుకుని ఉంటారేమోనని నాకు భయంగానే ఉంది. తుడవాలంటే ప్లాస్టిక్ ముక్కతో గీకేయాలి, లేదంటే పాత ఏటీఎమ్ కార్డు అంచుతో. టిష్యూ కూడా నేనైతే మడత పెట్టి చివరతో ఒక్క అద్దు అద్ది వదిలేస్తాను, ముద్దగా చేసి పట్టుకోను, అది కూడా వేడెక్కుతుంది.

రెండోది మంట. వేడి చేస్తే మూత వదులవుతుందన్నది అబద్ధం కాదు. కానీ దానికి కొవ్వొత్తి ఎందుకండీ, ఆ బాటిల్ పల్చటి ప్లాస్టిక్, మంట తగిలితే మూతకన్నా ముందు బాటిలే మెత్తబడిపోతుంది, లోపలున్నది కూడా నిప్పంటుకునే సరుకే, పైగా వేడెక్కితే దాని ఆవిరి కళ్ళలోనూ ముక్కులోనూ మంట పుట్టిస్తుంది. ఇంకో విషయం ఎవరూ ఆలోచించరు, గోళ్ళ పని చేసే టేబుల్ మీద పాలిష్ తీసే అసిటోన్ మూత తీసి ఉంటుంది, స్పిరిట్ ఉంటుంది, అక్కడ కొవ్వొత్తి వెలిగించడమంటే ఇంక చెప్పేదేముంది. మా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి గుండుసూదిని లైటర్ మీద ఎర్రగా కాల్చి ముక్కులోకి గుచ్చబోయింది, ఎవరో అలా చేస్తుంటే చూసిందంట. రంధ్రం పడుతుంది, నిజమే. వచ్చే పొగ నేరుగా మొహం మీదకి వస్తుంది, అది ఎవరూ చెప్పరు.

మూడోది గట్టిగా నొక్కడం, నా తొడ కథ విన్నాక దాని గురించి మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా. ఆ రోజు బాటిల్ కొంచెం పైకి తిరిగి ఉంటే ఆ గ్లూ పడేది కంట్లోనే. పంటితో తిప్పేవాళ్ళ గురించి కూడా ఒక మాట, మాలో చాలామందికి ఈ అలవాటుంది, ఒక చేత్తో కస్టమర్ వేలు పట్టుకుని ఉంటాం కదా, రెండో చేత్తో బాటిల్ నోటికి వెళ్ళిపోతుంది. నోట్లో ఉన్నదంతా తడే, గ్లూకి కావాల్సిందీ అదే.

అసలు మూత ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే సగం గొడవ ఉండదు. బాటిల్‌కి గ్లూ అంటుకోదు, అది పాలిథిలిన్, ఈ గ్లూ సరిగా పట్టుకోలేని అతి కొద్ది వాటిలో అదొకటి, అందుకే దాంట్లో పోస్తారు. మరి పట్టేసేదేంటంటే పని అయ్యాక ముక్కు చివర మిగిలిపోయిన చుక్క. మూత పెట్టగానే ఆ చుక్క మూత తిరిగే మరల్లోకి జారి అక్కడ గట్టిపడి మూతకీ ముక్కుకీ మధ్య సీసం పోసినట్టు కూర్చుంటుంది. మా వైజాగ్‌లో సముద్రం గాలి, వానాకాలంలో గోడలే చెమర్చే ఊరు ఇది. హైదరాబాద్‌లో చేసే మా చెల్లి ఒకసారి ఓపెన్ చేసిన బాటిల్‌ని నాకన్నా చాలా ఎక్కువ రోజులు లాగుతుంది, నేను వాడేదీ తను వాడేదీ ఒకటే కంపెనీ, బేగంబజార్ నుంచి తనే కొని పంపిస్తుంది నాకు. మొదట్లో నా చెయ్యే మంచిది కాదనుకునేదాన్ని.

ఈ గ్లూ పుట్టుక కూడా నవ్వొచ్చేదే. 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీలో హారీ కూవర్ అనే ఆయన వాళ్ళు తుపాకీ గురికి పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలిందట, ప్రతిదానికీ అంటుకుపోతోందని విసుగొచ్చి పక్కన పడేశారు. 1951లో మళ్ళీ చేతికొచ్చింది, అప్పుడు గానీ అంటుకోవడమే దీని గొప్ప అని వెలగలేదు, 1958లో బజార్లోకి వచ్చింది. అంటే మొట్టమొదట విసిగిపోయింది మేం కాదన్నమాట, అదొక తృప్తి.

సరే, మరి మూత రాకపోతే ఏం చెయ్యాలి. నేను చేసేది చెప్తాను. చిన్న గాజు గిన్నెలో ఒక అర అంగుళం అసిటోన్ పోసి, బాటిల్ తలకిందులుగా పట్టుకుని మూత వరకు మాత్రమే ముంచి ఐదు పది నిమిషాలు ఉంచుతాను, గట్టిపడిన గ్లూని కరిగించేది మా టేబుల్ మీద ఉండేవాటిలో అసిటోన్ ఒక్కటే, బజార్లో అసిటోన్ లేనిది అని రాసి అమ్మే రిమూవర్లతో పని జరగదు. తర్వాత బయటంతా తుడిచేసి, రబ్బర్ గ్లోవ్ వేసుకుని, బాటిల్ మొహానికి దూరంగా నిలబెట్టి తిప్పుతాను. ఇక్కడ బాటిల్ నడుం పట్టుకోకూడదు, భుజం దగ్గర పట్టుకోవాలి, నడుం పట్టుకుంటే మనకి తెలీకుండానే నొక్కేస్తాం. కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి, పవర్ లేనిదైనా సరే. మూత వచ్చాక ముక్కు మూసుకుపోయి ఉంటే కత్తెరతో చివర నూలుపోగంత కత్తిరిస్తే చాలు. దానికీ రాలేదా, అవతల పారేయండి. నేను కొనేది చిన్నది 30 రూపాయలు, దానికోసం అరగంట కుస్తీ పడితే ఆ అరగంటలో రెండు చేతులకి పాలిష్ వేసేయొచ్చు.

ఇక్కడ నా మూర్ఖత్వం ఒకటి ఒప్పుకోవాలి. మొదటిసారి ఈ అసిటోన్ పద్ధతి చేసినప్పుడు గిన్నె టిప్స్ డబ్బా పక్కన పెట్టాను, చెయ్యి తగిలి ఒలికింది, 500 టిప్స్ డబ్బా మైసూర్‌పాక్ ముద్దలా అయిపోయింది. ఆ టిప్స్ చేసే ప్లాస్టిక్‌ని అసిటోన్ తినేస్తుంది. గ్లూ బాటిల్‌ని ఏమీ చెయ్యనిది టిప్స్‌ని ఎందుకు చేస్తుందని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అసలు పట్టేయకుండా చూసుకోవడం పెద్ద పనేం కాదు. వాడగానే బాటిల్ నిలబెట్టి టేబుల్ మీద రెండుసార్లు టక్ టక్ మని కొడితే ముక్కులో ఉన్నది కిందకి దిగిపోతుంది, చివర ఒక్క అద్దు అద్ది మూత పెట్టేయడమే. మూత తిరిగే మరల మీద వాసెలిన్ గోటి చివరంత రాస్తాను, రంధ్రం దగ్గరికి పోనివ్వను. చెప్పుల డబ్బాల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మా ఇంట్లో ఎవరూ పారేయడానికి వీల్లేదు, అవన్నీ నా గ్లూ డబ్బాలోకే. డిప్ పౌడర్, అంటే గోటికి బేస్ అనే జిగురు రాసి రంగు పొడి అద్దే పని, చేసేవాళ్ళకైతే ఇంకో తంటా, ఆ బేస్ కూడా ఈ గ్లూ జాతిదే, దాన్ని గట్టిపరిచే యాక్టివేటర్ వేశాక గోటి మీద అది ఆరకముందే బేస్ బ్రష్ పెట్టామంటే బ్రష్ చివర అంటుకొచ్చిన యాక్టివేటర్ బాటిల్లోకి వెళ్ళి కొన్నాళ్ళకి మొత్తం బెల్లం పాకంలా అయిపోతుంది. ఇది కంపెనీ తప్పని షాపు వాళ్ళతో గొడవ పడ్డవాళ్ళు నాకు తెలుసు, నేనూ పడ్డాను ఒకసారి.

ఫ్రిజ్ గురించి కూడా చెప్పి ఆపుతాను, ఎందుకంటే మీకు వచ్చే తర్వాతి చిట్కా బహుశా అదే అయ్యుంటుంది. ఓపెన్ చెయ్యని బాటిల్ ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం ఉంటుంది, అది నిజం. బయటికి తీశాక వెంటనే మూత తీయకూడదు, చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు దీనికీ పడుతుంది, ఆ తేమ చాలు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. కానీ నేను ఫ్రిజ్‌లో పెట్టడం మానేశాను, కారణం మా అత్తగారు. పోయినేడాది ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది, కంట్లో వేసే చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టే చోట ఉండేది, నా గ్లూ బాటిళ్ళు రెండు వాటి పక్కనే. ఒకటి సగం వాడింది, మూత పట్టేస్తే తర్వాత చూద్దాంలే అని బద్ధకంగా అక్కడే పడేశాను. ఒక సాయంత్రం ఆవిడ మంచం మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, కన్ను తెరిచి పెట్టుకుని పిలుస్తున్నారు, "ఏటమ్మా ఇది, డాట్రు కొత్త మందు రాసేరా, మూత ఊడట్లేదు, కాస్త తీసి పెట్టు" అని. చేతిలో చూస్తే నా బాటిల్. అదే సైజు, అదే తెల్ల ప్లాస్టిక్, అదే మొనదేలిన ముక్కు, మీద ఉన్న అక్షరాలన్నీ ఆవిడ చదవలేని ఇంగ్లీషు, అదీ చీమ తలకాయంత. ఆ మూత పట్టేయకపోయి ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా నాకు చెయ్యి రావట్లేదు. అలా పొరపాటున గ్లూ కంట్లో వేసుకున్న కేసులు చాలా దేశాల్లో జరిగాయని తర్వాత మా కంటి డాక్టరు గారే చెప్పారు. అలా జరిగితే రెప్పలు లాగకూడదు, అసిటోన్ అస్సలు పోయకూడదు, గోరువెచ్చటి నీళ్ళతో కడుగుతూ వెంటనే కంటాసుపత్రికి తీసుకురావాలన్నారు.

అందుకని ఎడిటర్ గారూ, రెండు అడుగుతాను. ఆ చిట్కా వేసిన చోటే, అంత సైజులోనే, దూదితో తుడవొద్దు, మంట మీద పెట్టొద్దు, నొక్కొద్దు అని వేయండి, ఎక్కడో లోపలి పేజీలో చిన్నక్షరాల్లో కాదు. రెండోది ఈ గ్లూ తయారుచేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ చేరేలా రాయండి. కాస్మెటిక్స్ మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ ఉండాలని 2020 నాటి రూల్స్ చెప్తున్నాయి, నా డబ్బాలో ఉన్న వాటిల్లో కొన్నిటి మీద అవి కూడా లేవు, కంట్లో వేయకూడదు అని తెలుగులో రాసింది ఒక్కటీ లేదు. రంగైనా మార్చమనండి. మూత నల్లగానో ఎర్రగానో ఉంటే, ముక్కు కంటి చుక్కల బాటిల్లా లేకుండా ఉంటే మా అత్తగారి లాంటి వాళ్ళకి చదువు అక్కర్లేదు.

అప్పటిదాకా నేను నా బాటిళ్ళన్నిటికీ ఎర్ర నెయిల్ పాలిష్‌తో అడ్డంగా గీత పెడుతున్నాను. అత్తగారికి చూపించి చెప్పాను, గీత ఉంటే నాది, లేకపోతే మీది అని. ఆవిడ ఇప్పుడు తన కంటి చుక్కలు ఫ్రిజ్‌లోంచి తీసేసి, ఆ వాడకం అయిపోయినా సరే, తలగడ కింద పెట్టుకుంటున్నారు.

ఇట్లు,
ఒక నెయిల్ టెక్నీషియన్,
విశాఖపట్నం