పాత బుల్లెట్ వైర్లు కోసే ముందు ఎర్త్ చూడండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్లో వాహనాల పేజీ ప్రతి వారం చదువుతాను. కొత్త మోడళ్ళు, ధరలు, మైలేజీ, ఈఎంఐ లెక్కలు అన్నీ వస్తున్నాయి, బాగానే ఉంది. కానీ చెన్నైలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో నాన్న నడిపిన బుల్లెట్టో మావయ్య ఇచ్చిన జావానో మెట్ల కింద గోతాం కప్పుకుని పడి ఉంది, వాటి గురించి మాత్రం ఒక్క ముక్క రావడం లేదు. 1955లో ఇంగ్లండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాని మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు బుల్లెట్లు తయారయ్యాయి. అలాంటి ఊళ్ళో పాయింట్ల (ఇంజన్ తిరిగేకొద్దీ కాయిల్ కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్) బుల్లెట్ స్టార్ట్ కాకపోతే దిక్కులు చూడాల్సి వస్తోందంటే నిజంగా బాధగా ఉంది.

మొన్నటి ఈశాన్య రుతుపవనాల వానల్లో మా 12 వోల్టుల బుల్లెట్ నీళ్ళలో తడిసి ఆగిపోయింది. షెడ్డుకి తోసుకెళ్తే స్పార్క్ పుట్టించే కాయిల్ పోయిందన్నారు, మార్చారు. తర్వాత బ్యాటరీ అన్నారు, అదీ మార్చాం. ఆ తర్వాత ఇంజన్ కరెంటుని బ్యాటరీకి ఎక్కేలా మార్చే రెక్టిఫైర్. చివరికి ట్యాంకు ఎత్తి అసలు వైరింగ్‌ని మధ్యలో కోసేసి, దొరికిన రంగు వైర్లన్నీ అతికించి టేపు చుట్టారు. ఇంతా చేసి అసలు జబ్బు ఎక్కడుందంటే, బ్యాటరీ నుంచి ఫ్రేముకి వెళ్ళే ఎర్త్ వైరు (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) బోల్టు దగ్గర! బోల్టు విప్పితే రింగు కింద ఆకుపచ్చ పొడి, దాని కింద ఎప్పుడో వేసిన పెయింటు, ఆ పెయింటు కింద తుప్పు. ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త రింగు, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించి పైన వ్యాజిలీన్ రాస్తే రెండో కిక్కుకే అందుకుంది. సముద్రం గాలి తగిలే ఊళ్ళో ఎర్త్ ఇలా పాడవడం మామూలే, ముందు చూడాల్సింది అదే.

కుర్ర మెకానిక్కులని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక వాళ్ళ చేతికి ఎక్కువగా వచ్చేవి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళు, స్కానర్ పెడితే తప్పెక్కడో అదే చెబుతుంది. పాత బండికి స్కానర్ లేదు, కానీ హెడ్‌లైట్ పైన, బ్యాటరీలోకి కరెంటు వస్తోందో బయటికి పోతోందో ముల్లుతో చూపించే అమ్మీటర్ ఉంది. దాన్ని చదవడం ఎవరూ నేర్పడం లేదు.

అది ఎంత పని చేస్తుందో చూడండి. తాళం ఆన్ చేసి కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కుతూ ఇంజన్ తిప్పితే, పాయింట్లు కలిసినప్పుడు ముల్లు ఎడమ వైపు కొంచెం వెళ్ళాలి, విడిపోగానే సున్నాకి రావాలి. అలా ఊగుతుంటే కాయిల్‌కి కరెంటు వెళ్తోంది, పాయింట్లు దాన్ని తెంపుతున్నాయి అని అర్థం. ముల్లు అసలు కదల్లేదా, ఫ్యూజో, ఊడిన వైరో, నూనె పట్టిన పాయింట్లో, తుప్పు పట్టిన ఎర్తో. ఎడమకి వెళ్ళి అక్కడే ఉండిపోయిందా, పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదంటే పాయింట్ల దగ్గర మెరుపుని తగ్గించే కండెన్సర్ షార్ట్ అయింది, లేదా పాయింట్ల వైరు ఎక్కడో ఇనుముకి తగులుతోంది. రూపాయి ఖర్చు లేకుండా సగం రోగం తెలిసిపోతుంది. ఒక మాట, పాయింట్లు కలిసి ఉండగా తాళం ఆన్‌లో వదిలేసి కబుర్లలో పడితే బ్యాటరీ దిగిపోతుంది, కాయిల్ కూడా కాలుతుంది, ఇది చాలామందికి తెలియదు.

ఇంకో వస్తువు మల్టీమీటర్, మామూలుది చాలు. ఇంజన్ ఆపి కాసేపు ఆగాక బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 14 దరిదాపుల్లోకి ఎక్కకపోతే ఛార్జింగ్ లేదు, అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్ళకి మళ్ళీ అదే కథ. ఎర్త్ చూడటానికి పాయింట్లు కలిసి, తాళం ఆన్‌లో ఉండగా మీటర్ ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్ లోహానికి తాకించండి. 0.2 వోల్టులకి మించి చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పు ఉంది. పాత బ్రిటిష్ బళ్ళు కొన్నింట్లో ఎర్త్ అయ్యేది పాజిటివ్, కాబట్టి బ్యాటరీ బిగించే ముందు అది చూసుకోండి. తిరగేసి పెడితే రెక్టిఫైర్ పోతుంది.

ఫ్యూజ్ మాటిమాటికీ కాలిపోతుంటే సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టి నడిపేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, వైరింగ్ అంటుకుంటే పైన ఉన్నది పెట్రోల్ ట్యాంకు! ఫ్యూజ్ చోట 12 వోల్టుల ఇండికేటర్ బల్బు కట్టండి. కాయిల్ వైరు ఊడదీసి, లైట్లు హారన్ ఆఫ్‌లో ఉంచి తాళం తిప్పినప్పుడు బల్బు నిండుగా వెలిగిందంటే షార్ట్ ఉంది. ఇక వైరింగ్‌ని అక్కడక్కడా చేత్తో కదిలిస్తూ పోతే, ఎక్కడ బల్బు ఆరుతుందో అక్కడే తప్పు. ఎక్కువగా హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర, ట్యాంకు కింద, వెనక మడ్‌గార్డ్ లోపల టెయిల్ ల్యాంపుకి వెళ్ళే వైరు రాసుకుపోయి ఉంటుంది. అంత ముక్క బాగుచేసి స్లీవ్ తొడిగితే చాలు, వైరింగ్ మొత్తం కోయాల్సిన పనే లేదు.

పాయింట్ల గ్యాపు బుల్లెట్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్‌తో పెట్టాలి, కంటి అంచనాతో కాదు. పాయింట్ల దగ్గర మెరుపులు ఎక్కువగా వస్తున్నా, చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడెక్కాక ఆగిపోతున్నా ముందు కండెన్సర్‌ని అనుమానించండి, కాయిల్‌తో పోలిస్తే దాని ఖరీదు తక్కువ కూడా. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఇంట్లో ఆర్వో నీళ్ళు పనికిరావు. దాని గాలి గొట్టం చైనుకి, సైలెన్సర్‌కి దూరంగా కిందికి వేలాడేలా చూసుకోండి, ఆ యాసిడ్ ఆవిరి ఇనుముని తినేస్తుంది.

పుదుపేటలో, జనరల్ పాటర్స్ రోడ్డులో ఇప్పటికీ స్పేర్లు దొరుకుతున్నాయి. పాయింట్లు పెట్టడం తెలిసిన పెద్ద మెకానిక్కులూ ఇంకా ఉన్నారు. వాళ్ళు షెడ్లు మూసేయక ముందే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పద్ధతులు బొమ్మలతో సహా తెలుగులో రాయించి మీ వాహనాల పేజీలో వారానికి అర కాలమైనా వేయండి. ముందుగా బుల్లెట్, జావా వైరింగ్ పటం ఏ వైరు ఏ రంగో తెలిసేలా వేస్తే, కత్తిరించి దాచుకునేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై