మాత్ర మరిచిపోతే అశ్రద్ధేనా?

సంపాదకులకు నమస్కారం.

హెచ్‌ఐవీ మందులు వాడుతున్న మా అన్నయ్యకు తోడుగా ఉంటున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు. అయినా మాత్రల పెట్టెలో ఒక్కోసారి బుధవారం గడి అలాగే ఉంటుంది, గురువారం గడి ఖాళీ. "వేసుకున్నానే!" అంటాడు, గట్టి నమ్మకంతో. ఆ సంగతి ఆస్పత్రిలో చెబితే "ఇంత అశ్రద్ధ అయితే ఎలా?" అని మందలించి పంపారు. ఆ మాటకు వాడి ముఖం చిన్నబోయింది.

ఈ వైరస్ మెదడునూ వదలదని జంతువుల మీద జరిగిన పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఐస్‌లాండ్ గొర్రెల్లో ఇదే కుటుంబపు వైరస్ వల్ల వచ్చే మెదడు జబ్బును విస్నా అంటారు. వాళ్ల భాషలో కృశించిపోవడం అని అర్థం. ఎయిడ్స్ గురించి ఎవరికీ తెలియని 1950లలోనే దాని మీద అధ్యయనాలు జరిగాయి.

వైరస్ సోకిన తొలి రోజుల్లో మనిషి మెదడును తీసి చూడలేం కదా. అందుకే హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన ఎస్‌ఐవీని రీసస్ కోతులకు ఎక్కించి చూశారు. రెండు వారాలు తిరక్కుండానే అది మెదడుకు చేరింది. రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాల్లో దాక్కుని, మెదడుకు కాపలాగా ఉండే రక్తనాళాల గోడ దాటుతుంది. నాడీకణాల్లోకి నేరుగా పోదు. మెదడును కాపాడాల్సిన మైక్రోగ్లియా, మాక్రోఫేజ్ కణాల్లోనే తిష్ఠ వేస్తుంది. రెచ్చిపోయిన ఆ కణాలు వదిలే పదార్థాలకు పక్కనున్న నాడీకణాలు దెబ్బతింటాయి. జీపీ120 అనే ఒక్క వైరస్ ప్రోటీన్ మెదడులో తయారయ్యేలా చేసిన చిట్టెలుకల్లో, అసలు వైరస్ లేకపోయినా, అలాంటి నష్టమే కనిపించింది.

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వచ్చాక తీవ్రమైన మతిమరుపు బాగా తగ్గింది. అందుకే ఎవరూ భయపడి మందులు మానకూడదు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. కానీ రక్తంలో వైరస్ అదుపులో ఉన్నా కొందరికి జ్ఞాపకం, ఏకాగ్రత కాస్త తగ్గుతున్నాయి. దానికి డిప్రెషన్, థైరాయిడ్, బి12 లోపం కూడా కారణం కావచ్చు. ఏదన్నది తేలాలంటే ముందు ఎవరైనా అడగాలి. బరువు చూస్తారు, రోగనిరోధక శక్తిని తెలిపే సీడీ4 కణాల లెక్క చూస్తారు. జ్ఞాపకశక్తికి ఓ పది నిమిషాల పరీక్ష ఎందుకు పెట్టరు? ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు ఎందుకు అడగరు? చికిత్సా కేంద్రాలు దీన్ని మామూలు చెకప్‌లో భాగం చేయాలని కోరుతున్నాను. మీ ఆరోగ్య పేజీలోనూ దీని గురించి వివరంగా రాయించండి.

వచ్చే చెకప్‌కి ఆ మాత్రల పెట్టెను ఉన్నదున్నట్టు తీసుకెళ్లి డాక్టరు గారి బల్ల మీద పెడతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు