ఒక స్క్రూ, ఒక స్టిక్కరు, నీ దగ్గరున్న పుస్తకం

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తెలుసు. నువ్వు తిట్టాల్సిన తిట్లన్నీ నేనే తిట్టేసుకున్నాను, నీకా శ్రమ వద్దు. ఈసారి కలిసినప్పుడు చెంపదెబ్బ కొట్టాలనిపిస్తే మాత్రం కుడి వైపే కొట్టు. ఎడమ వైపు మరమ్మతు నడుస్తోంది.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ కులాసా. చిన్నాడి పరీక్షలైపోయాయి, ఎలా రాశావురా అంటే "రాశాను" అంటాడు. మన మూడో అంతస్తు మహానుభావుడికి ప్రమోషన్ వచ్చింది (నవ్వకు). అంతే. చివర్లో నీతో ఒక పనుంది, మర్చిపోతానేమోనని ఇక్కడే రాసిపెడుతున్నా: పుస్తకం. గుర్తుంచుకో, పుస్తకం.

పోయినేడాది నేను విదేశం వెళ్ళి రెండు పళ్ళకి ఇంప్లాంట్లు పెట్టించుకొచ్చాను కదా. వెళ్ళేముందు ఫోన్లో నువ్వో మాటన్నావు, "అక్కడ ఎవరు పెడతారన్నది కాదురా, ఇక్కడికొచ్చాక ఎవరు చూస్తారో అది కనుక్కో" అని. నేను నిన్ను ముసలి గుమాస్తా అని వెక్కిరించాను. గొడుగు ఒప్పందం ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను: నువ్వు చెప్పిందే నిజం. ఈ కాగితం జాగ్రత్తగా దాచుకో, ఇంకోటి రాయను.

అక్కడ పని బాగానే చేశారు, అబద్ధం చెప్పను. మొదటిసారి వెళ్ళినప్పుడు దవడ ఎముకలో టైటానియం స్క్రూలు దించారు. ఎముక వాటిని పట్టుకోవడానికి నాలుగు నెలలు ఆగమన్నారు. ఆగి, మళ్ళీ వెళ్ళి, పైన పళ్ళు బిగించుకొచ్చాను. మొదటిసారి కుట్లతోనే విమానం ఎక్కానురా. ఆ కుట్లు ఎవరు విప్పుతారని ఇక్కడికొచ్చాక నాలుగు ఫోన్లు చేయాల్సి వచ్చింది. బుద్ధి అప్పుడే రావాల్సింది. రాలేదు.

సరే, అసలు కథ. ఒక మంగళవారం పొద్దున బ్రష్ చేసుకుంటుంటే కింద ఎడమ వైపు పన్ను కదిలింది. ఊగిపోయిందని కాదు. తలుపు గడియ వదులైతే ఉంటుందే, అలా, వెంట్రుకవాసి. నాలుకతో తోస్తే "టిక్". గుండె జారిపోయింది. ఆ రోజంతా మీటింగుల్లో నాలుకతో టిక్కు టిక్కుమనిపిస్తూ కూర్చున్నాను. నా సంగతి నీకు తెలుసుగా, ఆ రైలు కిటికీ సంగతి గుర్తుంది కదా, పూర్తిగా చేతిలోకొచ్చేదాకా నేను ఊరుకోను.

మొదటి డాక్టర్ గారు నోట్లోకి చూసి, "ఇది ఎక్కడ పెట్టించారు?" అన్నారు. చెప్పాను. చేతిలో అద్దం పక్కన పెట్టేశారు. "ఏ కంపెనీది?" అన్నారు. "మంచి కంపెనీదేనండీ" అన్నాను. నువ్వు నవ్వుతున్నావు, ఆయన నవ్వలేదు. "పెట్టినవాళ్ళకే చూపించుకోండి" అని గ్లవ్స్ విప్పేశారు.

ఎంత కోపం వచ్చిందో! పన్ను ఇక్కడ, పెట్టినవాళ్ళు సముద్రం అవతల. వాళ్ళకి చూపించుకోవాలంటే నోరు పోస్టు చేయాలా? మెట్లు దిగుతూ ఆయన్ని, ఆయన బోర్డునీ, ఆ వీధినీ తిట్టుకున్నాను. ఇప్పుడు కోపం లేదు. ఎందుకో చెప్తా. ఇంప్లాంట్లు చేసే కంపెనీలు వందల్లో ఉన్నాయట. ఒక్కోదానికి లోపలి స్క్రూ తల ఒక్కో ఆకారం, ఒకటి ఆరు పలకలు, ఒకటి నాలుగు పలకలు, ఇంకోటి నక్షత్రం. సరిపోని డ్రైవర్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది, ఇక దాన్ని బయటికి తీయడం గగనం. ఇంకొకరు చేసిన పనిలో వేలుపెట్టి, అది తన చేతిలో విరిగితే ఎవరు మాట పడాలి? ఇదంతా ఆయన చెప్పలేదనుకో. చెప్పుంటే ఆ వీధికి తిట్లు తప్పేవి.

రెండో ఆయన కుర్రాడు, హుషారైనవాడు. ఎక్స్‌రే తీసి, "ఎముక కొంచెం తగ్గినట్టుంది. మొదట్నుంచీ ఇంతేనా, ఈ ఏడాదిలో తగ్గిందా? పళ్ళు బిగించిన రోజు తీసిన ఎక్స్‌రే ఉందా?" అన్నాడు. ఉంది! అని ఫోను తీశాను. అక్కడి కంప్యూటర్ తెరని నేనే ఫొటో తీసుకున్నాను కదా. అందులో ఏముందనుకున్నావు? సగం లైటు వెలుగు, నా బొటనవేలు, కోఆర్డినేటర్ అమ్మాయి భుజం. పన్ను ఒక మూల మబ్బులో చందమామలా ఉంది. ఆ కుర్రాడు మర్యాదస్థుడు, దగ్గొచ్చినట్టు తల పక్కకి తిప్పుకున్నాడు.

నా మొహం చూసి జాలేసిందో ఏమో, ఇంప్లాంట్ కథ చెప్పాడు. నీకిలాంటివి ఇష్టమని రాస్తున్నా. 1952లో స్వీడన్‌లో బ్రెనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం పెట్టి ఏదో పరిశోధన చేస్తున్నాడట. పనయ్యాక తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని తనదే అన్నట్టు పట్టేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టారు. ఆయన నలభై ఏళ్ళకు పైగా వాటితోనే నమిలాడట. నాది నలభై వారాలు దాటగానే టిక్కుమంది చూడు! (లెక్క కచ్చితం కాదు, బాధ కచ్చితం.)

అప్పుడు గుర్తొచ్చింది, నా దగ్గర సీడీ ఉందని. అక్కడివాళ్ళు చేతిలో పెట్టి పంపారు. ఇక సీడీ పురాణం విను. మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌కీ సీడీ పెట్టే చోటే లేదు. ఆఫీసులో లేదు. పాపం ఆ డాక్టర్ కుర్రాడి దగ్గరా లేదు. మూడు రోజులు, "మీ ఇంట్లో సీడీ డ్రైవ్ ఉందాండీ" అని అడుక్కుంటూ తిరిగాను. ఆఖరికి పై ఇంట్లో ఉండే పెద్దాయన మంచం కింద నుంచి ఒక డబ్బా లాగి దుమ్ము దులిపారు. అది లేవడానికి పావుగంట. సీడీ తెరుచుకుంది. నేనూ, ఆయనా, ఆయన మనవడూ ఊపిరి బిగబట్టి చూశాం. అది ఆపరేషన్‌కి ముందు తీసిన స్కానురా! ఇంప్లాంట్లే లేవు. నా ఊడిన పళ్ళ స్థానంలో ఖాళీ స్థలం, మూడు కోణాల్లో, అరంగుళం అరంగుళం తిప్పి చూసుకునే సౌకర్యంతో. "బావుంది నాయనా" అన్నారు పెద్దాయన.

ఈలోగా మెయిళ్ళు నడుస్తున్నాయి. నేను పడుకునే వేళకి వాళ్ళు లేస్తారు. మొదటి మెయిల్‌కి, మా సేవ ఎలా ఉందో అయిదు నక్షత్రాల్లో చెప్పండి అని జవాబొచ్చింది. రెండోదానికి, పాత కోఆర్డినేటర్ మానేసింది, కొత్త అమ్మాయిని నేనే అని వచ్చింది. మూడోదానికి గ్యారంటీ ఉంది కదా, రండి, ఉచితంగా చూస్తాం అన్నారు. ఉచితమే, విమానం తప్ప. పైగా ఆ గ్యారంటీ నిలవాలంటే ఏడాదికోసారి చెకప్ కాగితం పంపాలట, అది కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేను సంతకం పెట్టిన చోటికి సరిగ్గా పైన!

అప్పుడొక్కటి బాగా పట్టుబడింది. "నా పన్ను కదులుతోంది, ఏం చేయాలి" అని రాస్తే ఓదారుస్తారు. "కంపెనీ పేరు, మోడల్, వెడల్పు, పొడవు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది), పన్ను స్క్రూతో బిగించారా, సిమెంటుతో అతికించారా, చివరి రోజు ఎక్స్‌రే అసలు ఫైలు" అని ఒక్కొక్కటీ విడిగా అడిగితే, పదిరోజులకైనా సగం వస్తాయి. నాకొచ్చిన సగంలో ఎక్స్‌రే ఉంది. మిగతాది వాళ్ళ భాషలో ఒక పేజీ. అందులో అర్థమైనది ఒకే ఒక్క అంకె: 19.

పంతొమ్మిదో పన్ను! ఆ కాగితం పట్టుకుని మూడో డాక్టర్ దగ్గరికెళ్ళాను. పెద్దావిడ, మేడమ్ అంటారందరూ. కళ్ళజోడు పైకెత్తి చూసి, "మా లెక్కలో 19 అనే పన్నే లేదు" అన్నారు. నోటిని నాలుగు భాగాలు చేసి, భాగం అంకె ముందు, పన్ను అంకె వెనక వేస్తారట. నాది మూడో భాగంలో ఆరోది కాబట్టి 36. అమెరికాలో మాత్రం వరసగా 1 నుంచి 32 దాకా లెక్కపెడతారు, అందులో అదే పన్ను 19. అక్కడి క్లినిక్‌కి అమెరికా పేషెంట్లు ఎక్కువేమో. మేడమ్ ఇంకోటి చెప్పారు, నాకు ఒళ్ళు జలదరించింది. 17 అని రాసుంటే ఒక లెక్కలో కింద ఎడమ వైపు జ్ఞానదంతం, ఇంకో లెక్కలో పైన కుడి వైపు దవడపన్ను. ఎవరో ఒకరు తొందరలో చూసుకోకుండా... వద్దులే.

"స్టిక్కరు ఇవ్వలేదా?" అన్నారావిడ. ఇంప్లాంట్ డబ్బాతో పాటు చిన్న స్టిక్కర్లు వస్తాయట, ఒకటి క్లినిక్ ఫైల్లోకి, ఒకటి మనకి. బొటనవేలంత ఉంటుంది, నాకు కావలసినవన్నీ దాని మీదే ఉంటాయి. నేను నిజంగా గుర్తులేదన్నాను. ఇంటికొచ్చి సీడీ కవర్లో పెట్టబోతుంటే, రఘూ, కవరు లోపల, వెనకాల, అంటించి ఉందిరా! కంపెనీ పేరు, వెడల్పు 4.1, పొడవు 10, లాట్ నంబరు, పెన్నుతో 19. మూడు వారాలుగా నేను సంచిలో పెట్టుకుని ఊరేగిస్తున్నది దాన్నే. అరిచిన అరుపుకి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

తర్వాతంతా ఇరవై నిమిషాల పని. పన్ను మీద గుండ్రంగా చిన్న అతుకు కనబడుతుంది, అంటే సిమెంటు కాదు, స్క్రూ. ఆవిడ ఆ అతుకు తొలిచి లోపల్నుంచి తెల్లటి టేపు లాగారు. మన పంపుల మేస్త్రీ కుళాయికి చుడతాడే, ఆ జాతి టేపే! ఏడాదిగా నా నోట్లో ప్లంబింగ్ సామాను ఉంది, ఎవరూ చెప్పలేదు. పాత స్క్రూ తీసేసి అదే కంపెనీ కొత్తది వేశారు. మీటరున్న రెంచితో 35 దాకా బిగించి (న్యూటన్ సెంటీమీటర్లు, నువ్వు అడుగుతావని రాశా), పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ బిగించారు. మొదటిసారి బిగించాక లోహం కాస్త సర్దుకుని పట్టు తగ్గుతుందట. ఆ పది నిమిషాలు నోరు తెరుచుకుని మన బెంచీ రోజులు తలుచుకున్నాను.

అసలు ఎందుకు వదులైందంటే, నీలం కాగితం కొరికించి చూపించారు. ఆ పన్ను మీదే మచ్చ ముదురుగా పడింది. మామూలు పంటికీ ఎముకకీ మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది, ఎక్కువ బరువు పడితే అది చెప్తుంది. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, అందుకే నాకేమీ తెలియలేదు. పైగా నేను నిద్రలో పళ్ళు కొరుకుతానట. హాస్టల్లో నువ్వు చెప్తే నమ్మలేదు, ఇప్పుడు నైట్ గార్డ్, అదే రాత్రిపూట పళ్ళకి పెట్టుకునే తొడుగు, చేయించారు. ఎముక పెద్దగా తగ్గలేదు, చివరి రోజు ఎక్స్‌రేతో పోల్చి చెప్పారు. ఆ మాట విన్నాక బయటికొచ్చి మెట్ల మీద కాసేపు ఊరికే కూర్చున్నాను. భయపడ్డానురా. ఇక్కడ అంతా సరదాగా రాశాను గానీ, రాత్రుళ్ళు...

సరే, పని. పక్కనున్న రెండో పన్ను, 37. అది కదలట్లేదు గానీ, చిగురు దగ్గర సన్నటి పరికరంతో తాకితే రక్తం వచ్చింది. ఇప్పుడే పట్టించుకుంటే చిగురుతో పోతుంది, వదిలేస్తే ఎముకకి ఎక్కుతుంది అన్నారు. శుభ్రం చేశారు. పళ్ళ సందుల్లోకి వెళ్ళే బుల్లి బ్రష్ ఇచ్చారు, ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. నాకో ఫైలు తెరిచారు, 36 వరస నిండింది, 37 వరస ఖాళీ. ఎక్స్‌రేలో అది ఇంకాస్త లావుగా ఉంది, కొలత వేరు. కాబట్టి దాని స్టిక్కరు కావాలి. నాకిప్పుడు బాగా గుర్తొచ్చింది, దాన్ని ఒక చిన్న కార్డు మీద అంటించి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో విమానంలో చదువుతూ పేజీ గుర్తుకి అదే పెట్టాను. ఆ పుస్తకమే నువ్వు పోయినసారి వచ్చినప్పుడు, "చదివి ఇస్తా" అని పట్టుకెళ్ళావు. ఆ లావుది. నువ్వు చదివుండవు, అదే నా ధైర్యం. సగానికి కాస్త అవతల చూడు, తెల్ల కార్డు, పెన్నుతో 18 అని ఉండాలి (మన 37 వాళ్ళ లెక్కలో 18). ముందు రెండు వైపులా ఫొటో తీసి పంపు, బొటనవేలు అడ్డం రాకుండా. తర్వాత కార్డు కూడా పోస్టులో

మా ఆవిడ కింద హారన్ కొడుతోంది, అయిదింటికి మేడమ్ దగ్గరుండాలి. మీ అమ్మాయి సంగతి అడగనేలేదు, ఆ విషయం ఏమైంది? రాయి. ముందు పుస్తకం

నీ
వాసు