విడిగా తీసిన గిన్నె

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఉగాదినాడు దేవుని కడప ఆలయంలో ముస్లింలు మొక్కుకునే ఫొటో పత్రికల్లో తప్పక వచ్చినట్టే, డిసెంబరు రాగానే మత సామరస్యం మీద వ్యాసాలూ వస్తాయి. కడపవాడిగా వాటిని సంతోషంగానే చదువుతాను గానీ, చివరికి తేల్చే ‘పండుగలన్నీ ఒక్కటే’ అన్న మాట మాత్రం నాకు మింగుడుపడదు.

ధనుర్మాసం ముప్పై రోజులూ మా వీధి గుడి మైకులో వేకువ నాలుగున్నరకే తిరుప్పావై మొదలవుతుంది. క్రిస్మస్ వచ్చేదీ ఆ నెలలోనే కనుక, నక్షత్రాలు వేలాడదీసిన ఇళ్ల ముందు చర్చి యువకులు అర్ధరాత్రి దాకా క్యారల్స్ పాడతారు. ఈ రెంటి నడుమ ముసలివాళ్లకు దక్కే నిద్ర సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

నా భార్య బతికున్నన్నాళ్లూ సంక్రాంతికి కజ్జికాయలు, నిప్పట్లు చేసినప్పుడు, దేవుడికి చూపించకముందే కొన్నింటిని ఒక స్టీలు గిన్నెలోకి తీసి మూతపెట్టేది. ఎదురింటి క్రైస్తవ కుటుంబం విగ్రహానికి నివేదించినది తినదు. ఆ మాట వాళ్లు నోరు తెరిచి చెప్పింది లేదు. ఒకసారి పులిహోర ప్రసాదం ఇస్తే అందుకోవడానికి ఆ ఇల్లాలు పడ్డ ఇబ్బంది చూసి తనే గ్రహించింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు వాళ్లింటి నుంచి మాకు గుడ్డు వేయని కేకు వచ్చింది. పండుగలన్నీ ఒక్కటే అయితే ఆ గిన్నెతో పనే ఉండదు కదా!

మొన్నటి జనవరిలో తొలిసారి నేనే కజ్జికాయలు చేశాను. సగం నూనెలోనే విచ్చుకుపోయి పూర్ణమంతా బయటపడింది. మంచివి ఏరి ఎదురింటి గిన్నెలో పెట్టి, విచ్చినవాటిని దేవుడికి చూపించాను. శాస్త్రం ఒప్పుకోదేమో గానీ, తను పోయాక నాకు పండుగలా తోచింది ఆ పూటే.

మీ పండుగ పేజీల్లో ఉపన్యాసాలు కాస్త తగ్గించి, ఎవరింట్లో ఏది తింటారో, ఏది తినరో, ఇరుగుపొరుగు దాన్ని ఎలా తెలుసుకున్నారో పాఠకుల చేతనే రాయించమని నా మనవి. ఏటా పది పదకొండు రోజులు ముందుగా వచ్చే రంజాన్ నెల 2030లో రెండుసార్లు మొదలవుతుంది: జనవరి తొలివారంలో ఒకసారి, డిసెంబరు చివరివారంలో మరోసారి. అప్పుడు నేను తిరుప్పావైకి లేచే వేళకే మా వెనక వీధి ముస్లింలు సహరీకి, అంటే రోజా ఉపవాసానికి ముందు వేకువన తినడానికి లేస్తారు. ఆ ఏటి సంక్రాంతి రోజాల నడుమే పడుతుంది కనుక, వాళ్లకు పంపే గిన్నె సాయంత్రం అజాన్ దాకా ఆగాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప