సాంస్కృతిక విభాగం వార్షిక నివేదిక: విద్యార్థుల ఆర్ అండ్ బీ మ్యూజిక్ వీడియో

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తరువాత సాంస్కృతిక విభాగం చేపట్టిన కార్యక్రమాలను ఈ నివేదిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాను. ఉగాది, బోనాలు, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే సజావుగా సాగాయి కనుక వాటిని ఇక్కడ విస్తరించడం లేదు. మన కాలనీ విద్యార్థులు తయారుచేసిన ఆర్ అండ్ బీ మ్యూజిక్ వీడియో గురించి మాత్రం వివరంగా చెప్పవలసి ఉన్నది. దానికి సంఘం నిధి నుంచి కొంత సాయం అందింది, కమ్యూనిటీ హాలును రాత్రి వేళల్లో ఉచితంగా ఇచ్చాము, పైగా నల్లగొండ పిల్లలకు అమెరికా పాటతో పనేమిటని కార్యవర్గ సమావేశంలోనే కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది.

ఆర్ అండ్ బీ అంటే రిథమ్ అండ్ బ్లూస్, అమెరికా నల్లజాతి వారిలో పుట్టిన పాటల తరహా. అమెరికాలో నల్లజాతి గాయకుల రికార్డులను వేరుచేసి ‘రేస్ రికార్డులు’ అని పిలిచే రోజుల్లో, 1949లో బిల్‌బోర్డ్ అనే సంగీత వ్యాపార పత్రిక ఆ పేరును తీసివేసి, ఆదరణ పొందిన పాటల పట్టికకు ఈ పేరు పెట్టింది. దాన్ని సూచించినవాడు అప్పుడు ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్. 1981లో మ్యూజిక్ వీడియోల టీవీ చానల్ ఎంటీవీ మొదలైన తరువాత పాటకు దృశ్యం తప్పనిసరి అయింది గాని, తొలి ఏళ్లలో ఆ చానల్ నల్లజాతి కళాకారుల వీడియోలను చాలా తక్కువగా ప్రసారం చేసిందన్న విమర్శ బలంగా ఉండేది. 1990లు వచ్చేసరికి ఈ తరహా వీడియోలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. రాత్రి వెలుతురు, నెమ్మదించిన కదలిక, గాయకుల ముఖాలను దగ్గరగా చూపే షాట్లు, మెరిసే నగలు, ఖరీదైన కారు, అలంకారం కోసమే నిలబెట్టిన ఆడవాళ్లు అందులో తరచుగా కనబడతారు. వీటిలో వేటిని ఉంచుకోవాలి, వేటిని ఎదిరించాలి అన్నదే మన విద్యార్థుల ముందున్న పని.

పాటను వారే రాసి, వారే బాణీ కట్టారు. వేరొకరి పాటను వాడుకోవడానికి కాపీరైటు చట్టం రీత్యా అనుమతులు కావాలి కనుక, సొంత పాట అయితేనే సాయం చేస్తామని కార్యవర్గం ముందే షరతు పెట్టింది. ఆ షరతు వల్ల మేలే జరిగింది. ఆర్ అండ్ బీ గాయకులు ఒక్క అచ్చును పట్టుకొని ఐదారు స్వరాల మీదుగా సాగదీస్తారు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కనుక ఆ సాగదీత మనకు సులభమని మొదట అందరూ అనుకున్నారు. పాడి చూస్తే, హ్రస్వాన్ని సాగదీసిన చోటల్లా అది దీర్ఘంగా వినబడి మాట చెడిపోయింది. ఆ తరువాత వారు పల్లవిని తిరగరాసి, సాగవలసిన ప్రతి చోటా ‘రావా’, ‘లేదా’ వంటి దీర్ఘాంతాలు పడేటట్లు కూర్చుకున్నారు. వీడియో కన్నా ముందు సాధించిన ఈ చిన్న విజయాన్ని ఎవరూ గమనించలేదు గాని, నా దృష్టిలో మొత్తం పనిలో అత్యంత శ్రద్ధగా జరిగినది ఇదే.

కథ క్లుప్తంగా ఇది: హైదరాబాదులో ఉద్యోగం చేసే అమ్మాయి శనివారం రాత్రి ఊరికి వస్తుంది, ఇక్కడ ఒక అబ్బాయి ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఎదురుచూసేది మగవాడు కావడమే తమ తిరుగుబాటు అని విద్యార్థులు మొదటి ప్రతిపాదనలో రాశారు. నిజానికి ఆర్ అండ్ బీలో మగవాడు బతిమాలడం, కన్నీరు పెట్టుకోవడం పాత సంప్రదాయమే, దశాబ్దాలుగా ఆ పాటలు నడిచినవే ఆ వేడుకోలు మీద. కొత్తగా కనిపించేది మనకే. మన నాట్యశాస్త్రం చెప్పిన అష్టవిధ నాయికల్లో, ప్రియుడి కోసం వేదనతో ఎదురుచూసే విరహోత్కంఠితకు ఉన్న చోటు మన పాటల్లో నాయకుడికి అంతగా దొరకదు. మరోవైపు, నూలు చీర కట్టుకొని భుజాన సంచీతో బస్సు దిగే అమ్మాయి మన కళ్లకు రోజూ కనిపించే దృశ్యం, ఆర్ అండ్ బీ వీడియోకు మాత్రం అది కట్టుబాటు తప్పడమే. ఒకే షాట్ ఒక సంప్రదాయానికి విధేయంగానూ మరొక సంప్రదాయానికి ఎదురుగానూ ఉండగలదు, కాబట్టి ఎవరి ముందు ఏ నియమాన్ని దాటుతున్నామో తెలుసుకోకుండా నియమాలను దాటామని చెప్పుకోవడం కుదరదు. ఈ సంగతి చర్చల్లో తేలిన తరువాతనే వీడియోకు దిశ ఏర్పడింది.

కారు విషయం దీనికి మంచి ఉదాహరణ. ఖరీదైన కారుకు బదులు కాలనీలోని ఒక పాత స్కూటరును పెట్టి, అదే కోణంలో, అదే వెలుతురులో చిత్రీకరించారు. ముడి దృశ్యాలను చూపించినప్పుడు హాలంతా నవ్వింది. నవ్వు వస్తే అది పేరడీ అవుతుంది, పేరడీ చూసినవారు అసలు వీడియోల్లో కారు ఎందుకు ఉంటుందో ఆలోచించరు. విద్యార్థులు స్కూటరును పూర్తిగా తీసివేశారు. సరైన నిర్ణయమని నేను భావిస్తున్నాను.

నగల విషయంలో వారు చేసినది ఇంకా పదునైనది. ఆర్ అండ్ బీ వీడియోలో బంగారు గొలుసును చూపే పద్ధతి అందరికీ తెలిసిందే: చీకటి నేపథ్యం, పక్క నుంచి పడే ఒకే వెలుగు, ఒక్కొక్క లంకె తళుక్కుమంటూ నెమ్మదిగా జారే కదలిక. ఆ షాట్‌ను వారు ఏ మార్పూ లేకుండా తీశారు. గొలుసు జారి ఎవరి మెడలోనో పడుతుందని చూసేవారు అనుకుంటూ ఉండగా, అది త్రాసు పళ్లెంలో పడుతుంది. కెమెరా కొంచెం కిందికి దిగితే గ్రాముల అంకె, ఆ పక్కన తాకట్టు రసీదు కనిపిస్తాయి. ఆ త్రాసును మన సభ్యులొకరు తమ దుకాణం నుంచి ఒక రాత్రికి ఇచ్చారు. బంగారం మన ఇళ్లలో ఆడంబరమూ అవుతుంది, అవసరానికి కుదువబెట్టే ఆస్తీ అవుతుంది. సంప్రదాయ రూపాన్ని చివరి క్షణం దాకా నిజాయితీగా పాటించడం వల్లనే ఆ మలుపుకు బలం వచ్చింది. ప్రదర్శన రోజున ఈ షాట్ దగ్గర ఎవరూ నవ్వలేదు.

నెమ్మది కదలికను సాధించిన తీరు కూడా సభ్యులు తెలుసుకోదగినది. సెకనుకు 50 ఫ్రేములతో తీసి 25 ఫ్రేముల వేగంతో చూపితే కదలిక సగానికి తగ్గుతుంది. అప్పుడు పెదవులు పాటతో కలవాలంటే, చిత్రీకరణ వేళ పాటను రెట్టింపు వేగంతో వినిపించి, దానికి తగ్గట్టు పాడించాలి. నిమిషానికి 70 బీట్ల పాట 140 బీట్లతో మోగుతూ ఉంటే, విరహం నటించవలసిన అబ్బాయి గడగడా వల్లించవలసి వచ్చింది. హాలు పక్కింటివారు ఆ రాత్రుల్లో ఓపిక పట్టినందుకు విభాగం తరఫున కృతజ్ఞతలు తెలుపుతున్నాను.

ముఖాన్ని దగ్గరగా చూపే షాట్ గురించి అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది. మ్యూజిక్ వీడియోల లక్షణాలను విశ్లేషించిన ఆండ్రూ గుడ్విన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో, గాయకుల ముఖం పదే పదే కనబడాలని రికార్డు కంపెనీలు కోరుకుంటాయని వివరించాడు. డిగ్రీలో జర్నలిజం చదువుతున్న మన విద్యార్థిని ఒకరు దీన్ని ప్రస్తావిస్తూ, అమ్మే కంపెనీ లేనప్పుడు ముఖాన్ని మొదటి చరణమంతా నీడలో ఉంచవచ్చునని ప్రతిపాదించింది. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలకుండా నిలిచే నీడ ఆమె మనసులో ఉన్నది. పూజలు జరిగే ఆలయంలో చిత్రీకరణకు కార్యవర్గం ఒప్పుకోలేదు, ఆ నిర్ణయానికి నేనూ కట్టుబడి ఉన్నాను. అయితే విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులైన మన సభ్యులొకరు హాలు స్తంభానికి ముందు, ఒకదానికొకటి ఎడంగా రెండు దీపాలు నిలిపి, స్తంభం వెనుక రెండు నీడలూ ఒకచోట కలిసేదాకా వాటిని జరిపి చూపించారు. గాయని ఆ చీకటి పట్టీలో నిలబడి పాడింది. చేతులు కదిలినప్పుడల్లా వేళ్లు మాత్రమే వెలుగులోకి వచ్చాయి. రెండో చరణంలో ముఖం కనిపించినప్పుడు ఫోనులోని బ్యూటీ ఫిల్టరును ఆపివేసి, థర్మోకోల్ అట్ట మీద పడి తిరిగివచ్చే మెత్తని వెలుతురులో ఆమె చామనఛాయను ఉన్నది ఉన్నట్లుగా చూపించారు. మన సినిమాల్లో ఛాయను తెల్లబరచడం ఎంత మామూలైపోయిందో తెలిసినవారికి, ఇందులో ఉన్న ధైర్యం వేరుగా చెప్పనవసరం లేదు.

కెమెరా స్త్రీని మగవాడి చూపుతో చూస్తుందన్న, సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975 నాటి వాదాన్ని కూడా వారు చర్చించారు. అందుకు జవాబుగా అబ్బాయి కుళాయి దగ్గర చొక్కా విప్పి ముఖం కడుక్కునే దృశ్యాన్ని తీశారు. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. చూపు దిశ మారింది గాని, మనిషిని వస్తువుగా చూడడం మారలేదు. అయినా వారి వాదన విని, దృశ్యాన్ని తీసివేయమని పట్టుబట్టలేదు.

చివరి భాగంలో కోరస్‌గా ‘ఉయ్యాలో’ వినిపిస్తుంది. ఒకరు అందుకుంటే మిగిలినవారు బదులు పలకడం నల్లజాతి చర్చి పాటల్లోనూ ఉన్నది, బతుకమ్మ పాటల్లోనూ ఉన్నది కనుక అది అతికినట్లు లేదు. మహిళా సభ్యులు స్వయంగా వచ్చి పాడారు. అయితే ప్రదర్శన కరపత్రంలో బతుకమ్మను ‘మన ఆర్ అండ్ బీ’ అని అచ్చువేయడం అతి అయింది, బతుకమ్మకు ఆ ఆసరా అక్కరలేదు.

హాలులో ప్రదర్శన తరువాత, తెర మరీ చీకటిగా ఉన్నదని పెద్దలు కొందరు అన్నారు. హాలు ప్రొజెక్టరు వెలుగు చాలదన్నది వాస్తవమే, కొత్తది కొనే ప్రతిపాదన కోశాధికారి నివేదికలో ఉన్నది. వీడియోను యూట్యూబులో పెట్టే ముందు, పాల్గొన్నవారిలో 18 ఏళ్లు నిండనివారి తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. సమ్మతి పత్రాలు సంఘం కార్యాలయంలో ఉన్నాయి. సంబంధిత సభ్యులు ఈ సమావేశం ముగిసేలోగా సంతకం చేయవలసిందిగా, ఈ నివేదికను సభ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి, సాంస్కృతిక విభాగం
నల్లగొండ