తువ్వాలు కడ్డీ మనిషిని ఆపదు

సంపాదకుడు గారికి,

పెద్దవాళ్లు తమ ఇంట్లోనే సొంతంగా మసలాలంటే బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగిస్తే చాలని చాలామంది అనుకుంటున్నారు. అది కూడా సరిగ్గా బిగించడం లేదు. జారేటప్పుడు చేతికి ఏది అందితే దాన్నే పట్టుకుంటాం. తువ్వాలు ఆరేసే కడ్డీ ఆ బరువుకు ఊడి వస్తుంది. రబ్బరు కప్పుతో అతుక్కునే రకమూ అంతే, టైల్స్ అతుకుల్లోంచి గాలి దూరితే పట్టు వదిలేస్తుంది.

కడ్డీ లావు 32 నుంచి 38 మి.మీ., గోడకు ఎడం 38 మి.మీ. ఉండాలి. ఎడం మరీ ఎక్కువైతే జారినప్పుడు ముంజేయి సందులో ఇరుక్కుంటుంది. టైల్‌ను తట్టి చూడండి, డొల్లగా మోగితే ఆ చోటు వదిలేయండి. బోల్టు టైల్‌తో ఆగకుండా ఇటుకలోకి దిగాలి. ఎత్తు మామూలుగా నేల నుంచి 84–91 సెం.మీ. అంటారు గానీ, ఆ మనిషినే కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎటు పోతుందో చూసి గుర్తు పెట్టడం మేలు. బిగించాక ఇంట్లో బరువైనవాళ్లు వేలాడి మరీ చూడాలి.

రాత్రిపూట మంచం నుంచి బాత్రూమ్ దాకా నడక ఇంకా ప్రమాదం. మంచం అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. పడుకుని ఉండగానే లైటు స్విచ్ చేతికి అందాలి. లేచాక ఒక నిమిషం కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. కళ్లు తిరుగుతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన 1, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పి మందులు సరిచూపించాలి. మాత్రలు సొంతంగా మానకూడదు. ఈ తూలుడుకు కడ్డీ మందు కాదు.

చేతికర్ర విషయంలో చాలామంది పొరపాటు ఒక్కటే: నొప్పి కాలి వైపే పట్టుకుంటారు. పట్టాల్సింది రెండో చేత్తో. చెప్పులేసుకుని చెయ్యి వదిలేసి నిలబడితే పిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి. అడుగున రబ్బరు నున్నగా అరిగితే వెంటనే మార్చాలి.

ఇక తలుపు. బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడ్డ మనిషే దానికి అడ్డం పడి బయటివాళ్లను లోపలికి రానివ్వరు. బయటికి తెరుచుకునేలా తిప్పించండి, గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు